నర్సులకు విచక్షణ నేర్పాలి

సికిందరాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరికి, రోగుల సేవకు ఉన్న సంబంధం ఈనాటిది కాదు. బ్రిటిషు సైన్యం ఇక్కడ విడిది చేసిన కాలంలో భారతదేశంలోని తెల్ల సిపాయీలు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున మరణిస్తున్నారని 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక తేల్చింది. ఆ నివేదిక వెనుక ఫ్లారెన్స్ నైటింగేల్ కృషి ఉన్నది. ఆమె ఈ దేశంలో అడుగు పెట్టలేదు. కంటోన్మెంట్ల నుండి తెప్పించుకున్న లెక్కలను చదివి, మురికినీరు, గాలి ఆడని బారకాసులు సిపాయీలను చంపుతున్నవని గ్రహించింది. ఈ దేశపు సైనిక ఆస్పత్రులకు శిక్షణ పొందిన నర్సులు 1888లో మొదటిసారి వచ్చారు. తిరుమలగిరిలో నేటికీ మిలిటరీ ఆస్పత్రి నడుస్తున్నది.

చూసినదాన్ని బట్టి ఆలోచించి నిర్ణయించడమే నర్సింగులో అసలు విద్య. నేటి నర్సింగు పరీక్షలలో ఈ విచక్షణకు ప్రాధాన్యం పెరుగుతున్నది. అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్షను 2023 ఏప్రిల్ నుండి ఈ పద్ధతికి మార్చారు. మన విద్యార్థినులు కూడా అటువంటి ప్రశ్నలను సాధన చేస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం.

ఒక ప్రశ్న చూడండి. ప్రసవమైన గంటకు తల్లి నాడి 84 నుండి 118కి పెరిగింది. రక్తపోటు 110/70 ఉన్నది. నర్సు మొదట ఏమి చేయాలి? రక్తపోటు బాగానే ఉన్నదని రిజిస్టరులో రాసి ఊరుకుంటే తల్లి ప్రాణానికే ముప్పు. రక్తం చాలా పోయేదాకా రక్తపోటు పడిపోకపోవచ్చు. నాడి ముందుగా హెచ్చరిస్తుంది. వెంటనే పొత్తికడుపు తడిమి గర్భసంచి గట్టిగా ఉన్నదో మెత్తబడిందో చూడాలి. మెత్తబడితే మర్దన చేయాలి, రక్తస్రావం ఎంతో చూడాలి, సాయానికి కేకవేయాలి.

మరొక ప్రశ్న. ఒకేసారి ముగ్గురు వచ్చారు. చెయ్యి విరిగి గట్టిగా ఏడుస్తున్న పిల్లవాడు, జ్వరం బిళ్ల కోసం తొందర చేస్తున్న ముసలాయన, డొక్కలు ఎగరేస్తూ శబ్దం లేకుండా తల్లి ఒడిలో వాలిపోయిన పసిబిడ్డ. ముందు ఎవరిని చూడాలి? గొంతెత్తిన వారిని కాదు, ఏడ్చే ఓపిక కూడా లేని బిడ్డను.

ఈ ప్రశ్నలు పట్నం ఆస్పత్రులకే పరిమితమైనవి కావు. పల్లె దవాఖానాలలో కొన్నిచోట్ల నర్సింగు చదివినవారే రోగిని మొదట చూస్తున్నారు. పురుగుమందు తాగిన రైతును మోసుకొచ్చిన వేళ డాక్టరు కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. శ్వాస ఆడుతున్నదా అని చూడాలి, తడిసిన బట్టలు తీసివేయాలి, చేతులకు గ్లవుసులు తొడుక్కుని ఒంటిని సబ్బునీళ్లతో కడగాలి, వాంతి చేయించరాదు. ఆ క్షణంలో నర్సమ్మ తీసుకునే నిర్ణయం మీద ఒక కుటుంబం ఆధారపడి ఉంటుంది.

అయితే ప్రశ్నల పుస్తకం ఒక్కటే చాలదు. పుస్తకంలో నాలుగు జవాబులు అచ్చువేసి ఉంటాయి. మంచం దగ్గర ఎవరూ జవాబులు అందించరు. పుస్తకంలోని రోగి లక్షణాలను వరుసగా చెబుతాడు. మన ఊరి అవ్వ "గుండెల్లో ఎట్లనో అయితున్నది బిడ్డా" అని ఊరుకుంటుంది. ఆ మాటలోని ప్రమాదాన్ని పట్టుకోవడం వార్డులోనే అలవడుతుంది. ఒక్కొక్క విద్యార్థినికి ముగ్గురు రోగులు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఇది కాగితం మీద మిగలరాదు. రోగులు లేని వార్డుల్లో హాజరు వేయించుకున్న విద్యార్థినికి పట్టా వస్తుంది గాని చూపు రాదు.

భాష సమస్య కూడా ఉన్నది. చదువు ఇంగ్లీషులో, రోగి గోడు తెలుగులో. పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు జవాబును బట్టీపట్టి కారణాన్ని వదిలేస్తున్నారు. ఉపాధ్యాయినులు ప్రతి ప్రశ్నను తెలుగులో కూడా చర్చించి, "ఎందుకు?" అని అడగాలి. తప్పు జవాబు చెప్పిన పిల్లను చిన్నబుచ్చరాదు. తరగతిలో భయపడి నోరు మూసుకున్న పిల్ల రేపు వార్డులో డాక్టరుతో "అయ్యా, ఈమె స్థితి బాగాలేదు, వెంటనే రండి" అని చెప్పలేదు. డాక్టర్లు కూడా నర్సు హెచ్చరికను చిన్నచూపు చూడరాదు.

గ్రామస్థుల బాధ్యత కూడా కొంత ఉన్నది. తాగిన మందు సీసాను వెంట తేవాలి, ఎంతసేపైనదో దాచకుండా చెప్పాలి. నిజం తెలియనిదే ఎంత విచక్షణ ఉన్న నర్సయినా సరియైన నిర్ణయం చేయలేదు. ప్రభుత్వం, కళాశాలల యాజమాన్యాలు విద్యార్థినులకు పుస్తకంతోపాటు రోగి మంచాన్ని కూడా చూపించాలి. వారి చేతుల్లోకి రేపు వెళ్లవలసింది మన తల్లులు, మన పిల్లలే.