మొద్దు కాదు సారూ, బోర్డు కనపడలేదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో మన పిల్లల మీద ఒక ముద్ర వేస్తారు. "వీళ్లకు చదువు ఎక్కదు" అని. ఆ మాట మనలో చాలామందిమి విన్నాం. మేం అడిగేది ఒక్కటే. చదువు ఎక్కదని తేల్చే ముందు ఆ పిల్లగాడికి బోర్డు కనపడుతుందో లేదో ఎవరైనా చూశారా?

మా రూంలో నలుగురం ఉంటాం. ఒకడు పొడుగ్గా ఉంటాడని చిన్నప్పటి నుంచి చివరి బెంచీలోనే కూర్చోబెట్టారు. పక్కోడి నోట్సు చూసి రాసుకునేవాడు. లెక్కల సారు దృష్టిలో అది కాపీ. "మొద్దు" అని పేరు పెట్టి, చివరికి ఆ పేరుతోనే పిలిచేవారట. బస్టాండులో బస్సు బోర్డు ఏముందని పక్కవాళ్లను అడిగితే "చదువుకునే పిల్లగానివి, చదవరాదా?" అని నవ్వేవారట. డిగ్రీలో చేరాక ఊరికే తోడుగా మాతో కంటి పరీక్షకు వచ్చాడు. మైనస్ రెండున్నర అని తేలింది. అంటే మోచేతి పొడవు దాటితే అక్షరం మసకే. అద్దాలకు అయింది 600 రూపాయలు. ఆ 600 కోసం ఒక పిల్లగాడు ఇన్నేళ్లు మొద్దుగా బతికాడు. పదో తరగతిలో లెక్కలు పోయి ఇంటికి వెళ్లిపోయినవాళ్లలో ఇలాంటోళ్లు ఎందరో, ఎవరు లెక్క తీశారు?

"కనపడకపోతే చెప్పొచ్చు కదా" అంటారు. ఎట్ల చెప్తాడు? సైటు ఒక్క రాత్రిలో రాదు, మెల్లగా పెరుగుతుంది. అందరికీ ఇట్లనే కనపడుతుందేమో అనుకుంటాడు. ఒక కన్ను బాగుండి రెండోది మసకైతే అసలు తెలియనే తెలియదు. చిన్నప్పుడే పట్టుకోకపోతే ఆ రెండో కన్ను మందగిస్తుంది. పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు. కాబట్టి వెతికి పట్టుకోవాల్సింది పెద్దవాళ్లు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లోనే మొదలైంది. బడి పిల్లలకు ఉచితంగా అద్దాలివ్వడం అందులో భాగమే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. సర్కారు బడి పిల్లలను ఏడాదికోసారి చూడాలి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు పెట్టారు, 2023లో రెండో విడత నడిపారు. మంచిదే. కానీ క్యాంపు వచ్చిపోతుంది, సైటు మాత్రం ఏటా మారుతుంది. ఆ రోజు పిల్లగాడు పండగకో జ్వరానికో ఇంటికి పోయి ఉంటే అంతే సంగతి. పరీక్ష చేసి చీటీ ఇస్తే, చీటీ ఆఫీసులో, పిల్లగాడు చివరి బెంచీలో. బాల స్వాస్థ్య లెక్క 18 ఏళ్లతో ఆగిపోతుంది. కాలేజీ హాస్టల్ పిల్లలం దాంట్లో లేనే లేం.

ఇంకో మాట కూడా వింటున్నాం. "అంతా ఫోన్ల వల్లే" అని. ఫోన్ తగ్గించాలి, ఒప్పుకుంటాం. కానీ పగటి వెలుతురులో ఎక్కువసేపు తిరిగే పిల్లల్లో ఈ సైటు తక్కువగా వస్తుందని కంటి డాక్టర్లే చెప్తున్నారు. మరి ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టింది ఎవరు? యాభైమందికి రెండు ట్యూబ్‌లైట్లు పెట్టి, అందులో ఒకటి మిణుకుమంటుంటే పట్టించుకోనిది ఎవరు? తప్పంతా పిల్లల చేతిలోని ఫోన్ మీదికి తోస్తే సరిపోదు.

ఇప్పుడు మన తప్పు కూడా మాట్లాడుకుందాం. అద్దాలు పెట్టుకున్నోణ్ణి "సోడాబుడ్డి" అని ఏడిపించేది సారు కాదు, మనమే. అద్దాలుంటే ఆడపిల్లకు సంబంధం రాదని దాచిపెట్టేది మన ఇళ్లల్లోనే. అద్దాలు పెడితే సైటు పెరుగుతుందని చెప్పేది మన పెద్దలే. అది అబద్ధం. కన్ను ఎర్రబడితే ఆకు పసరు పిండటం, మెడికల్ షాపులో అడిగి ఏదో చుక్కల మందు వేయడం కూడా ఆపాలి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడితే చూపే పోవచ్చు.

జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి నెలలోనే ప్రతి పిల్లకూ కంటి పరీక్ష జరగాలి. సైటు ఉన్నవాళ్లకు నెలలోపు అద్దాలు చేతికి రావాలి. కాలేజీ హాస్టళ్లనూ అందులో కలపాలి. ఇది ఐటీడీఏకు మనం రాసివ్వాల్సిన డిమాండ్. ఏ హాస్టల్ వాళ్లు ఆ హాస్టల్ నుంచి సంతకాలు పెట్టించండి.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి బడికి వెళ్లండి. కంటి పరీక్ష చార్టు ఒకటి గోడకు తగిలించి, ఆరు మీటర్లు, అంటే దాదాపు 20 అడుగుల దూరంలో పిల్లను నిలబెట్టండి. ఒక కన్ను మూసి చదివించండి, తర్వాత రెండోది. తడబడిన పిల్లల పేర్లు రాసుకుని, పీహెచ్‌సీలో కంటి పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కుని తీసుకుపోండి. అక్షరాలు రాని చిన్నోళ్లకు బొమ్మల చార్టు ఉంటుంది.

జల్, జంగల్, జమీన్ అని గొంతెత్తే మనం, ఆ పట్టా కాగితం మీద ఏం రాశారో చదివే చూపును కూడా కాపాడుకోవాలి. ఈసారి మీ తమ్ముడికి మార్కులు తక్కువొస్తే తిట్టకండి. ముందు దూరంగా ఉన్న బోర్డు చూపించి చదవమనండి.

జై ఆదివాసీ!