గెలిచేది ఒక్కడు... మరి మిగతా పదిహేనుమంది?

"అన్నా! సినిమాలో మొదటి రౌండులోనే ఓడిపోయినోడు ఇంటికి ఎట్టా పోతాడన్నా?"

మొన్న డిసెంబరులో నెల్లూరు నుంచి దొరవారిసత్రం వస్తూంటే రైల్లో మా వీధి కుర్రాడు నన్నడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి. కరాటే పోటీకని వెంటపెట్టుకుని వెళ్ళాను. రెండే రెండు నిమిషాల్లో వాడి పని అయిపోయింది! గూడూరు దాటినా నోరు విప్పలేదు. నాయుడుపేట దాటాక ఈ బాణం వదిలాడు.

సినిమాల మీద పేజీలకు పేజీలు రాసే నా దగ్గర జవాబు లేదు! ఉంటే కదా... ఆ ఓడినవాణ్ణి స్ట్రెచర్ మీద ఎటు మోసుకుపోతారో మనకు చూపించిన దర్శకుడెవరు?

లెక్క చూడండి. 16 మంది బరిలోకి దిగితే, ఓడినవాడు ఇంటికి అనే పద్ధతిలో జరిగేవి 15 పోటీలు. హీరో ఆడేది 4. మిగతా 11 దేనికంటారా? రీళ్ళు నింపడానికి!

చవకలో సినిమా చుట్టేద్దామనుకునే నిర్మాతకు టోర్నమెంటు కథ కల్పవృక్షం. ఒక రింగు, నాలుగు లైట్లు, చుట్టూ చేరి అరవడానికి యాభైమంది జూనియర్ ఆర్టిస్టులు... చాలు. రచయితకు పనే లేదు. పట్టికలో ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ పోతే క్లైమాక్సు దానంతటదే వచ్చేస్తుంది.

1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' చూసి చాలామంది ఈ దారి పట్టారు. విడుదల చూడకుండానే ఆ జూలైలో బ్రూస్‌లీ కన్నుమూశాడు. అయితే అందులో టోర్నమెంటు పైకి కనిపించే తెర మాత్రమే. హాన్ దీవిలో సాగే నేరాల గుట్టు, సోదరి చావుకు కారకుడైనవాడి మీద పగ... అసలు కథ అదీ. వెనకొచ్చినవాళ్ళు కథను దీవిలోనే వదిలేసి, పోటీని మాత్రం ఎత్తుకొచ్చారు!

1988 నాటి 'బ్లడ్‌స్పోర్ట్' నేనూ సీడీ అరిగేదాకా చూశాను. వాన్‌డామ్ కాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ప్రత్యర్థుల్లో ఒక్కడికైనా ఊరుందా? ఇంట్లో ఎదురుచూసే అమ్మ ఉందా? ఒకడు కొండలా ఉంటాడు, ఒకడు కోతిలా గెంతుతాడు, అంతే. చివరికి విలన్ కళ్ళలో పొడి కొడితేగానీ హీరోగారికి కష్టమంటే ఏమిటో తెలీదు!

ఇక చౌకబారు అనుకరణల్లో తన్ను తగిలేలోపే కట్! హీరోకి తన్నడం రాదు మరి. చిన్న టీవీలో చెల్లిపోయింది గానీ, 2019లో సూళ్ళూరుపేటలో వెలసిన అంత పెద్ద తెర మీద ఆ దొంగతనం దాగుతుందా?

మనవాళ్ళ సంగతి? 1999లో 'తమ్ముడు' ఆడిందంటే కిక్కుల వల్ల మాత్రమే కాదు. గాయపడ్డ అన్న కోసం అల్లరి తమ్ముడు బరిలోకి దిగాడు కాబట్టి. 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లో మనకు గుర్తున్నది రవితేజ గుద్దులా? తల్లి పోయాక తండ్రి పంచన చేరిన కొడుకు మనసా? మరి 2022లో 'లైగర్'కి ఏకంగా మైక్ టైసన్‌నే తెచ్చారు. ఏమైంది? కాబట్టి లోపం డబ్బులో లేదు మహాప్రభో!

1984 నాటి 'కరాటే కిడ్'లో గురువు శిష్యుడిచేత కారు తుడిపిస్తాడు, కంచెకు రంగు వేయిస్తాడు. ఆ చేతిపనే దెబ్బ కాచుకునే విద్య అవుతుంది. ఆ దృశ్యానికి ఖర్చెంత? ఒక గుడ్డముక్క! మనవాళ్ళేమో మూడేళ్ళ సాధనను ఒక్క పాటలో ముగిస్తారు. అది చూసి మా కుర్రాళ్ళు మూడు నెలల్లో బ్లాక్‌బెల్టు కావాలంటారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు జవాబు! ఆ 'కరాటే కిడ్' తీసిన జాన్ అవిల్డ్‌సెనే 1976లో 'రాకీ' తీశాడు. కరాటే కాదు, బాక్సింగు. సుమారు 10 లక్షల డాలర్లలో ముగించిన చిన్న సినిమా.

"అందులో హీరో చివరి పోటీలో ఓడిపోతాడు రా" అన్నాను.

వాడు నమ్మలేదు. "ఓడిపోతే సినిమా ఎట్టా ఆడిందన్నా?"

"ఆడటమేమిటి, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా కొట్టింది. పదిహేను రౌండ్లూ నిలబడితే చాలనుకున్నాడు, నిలబడ్డాడు."

స్టేషను వచ్చింది. వాడేం మాట్లాడకుండా సంచీ భుజానేసుకుని దిగిపోయాడు.

సోమవారం తెల్లారి అటుగా వెళుతూంటే స్కూలు గ్రౌండులో ఒక్కడే, వట్టికాళ్ళతో అదే తన్ను మళ్ళీ మళ్ళీ తన్నుతున్నాడు. వెనక పాట లేదు, డప్పులు లేవు. నేలపట్టు చెరువు వైపు ఎగిరిపోయే గూడబాతులు తప్ప ప్రేక్షకులూ లేరు.

నిర్మాతగారూ! ఈ కథకు రింగు ఖర్చు కూడా లేదు. తీస్తారా?