లాఠీ పట్టిన చేతికి చాక్‌పీసు కూడా

మా తంబళ్లపల్లె వైపు బీటెక్ అయ్యాక ఎస్సై పరీక్షకి కూర్చునేవాళ్లు చాలామందే ఉంటారు. ఉద్యోగం వచ్చిందంటే ఇక పుస్తకాలు అటకెక్కినట్టే. నాకు పేచీ అక్కడే. డాక్టరు వైద్యం చేస్తూనే మెడికల్ కాలేజీలో పాఠం చెబుతాడు, రీసెర్చ్ పేపర్లు రాస్తాడు. పోలీసు క్రిమినాలజీ ఎందుకు చెప్పకూడదు?

చెప్పినవాళ్లు ఉన్నారు. అమెరికాలో బర్క్‌లీ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ 1908లోనే తన సిబ్బందికి బడి పెట్టాడు, తర్వాత అదే ఊరి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. అంత దూరం ఎందుకంటారా, రాజస్థాన్ కేడర్ ఐపీఎస్ నీనా సింగ్ గారిని చూడండి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్లకి నోబెల్ రాకముందే వాళ్లతో కలిసి ఆమె పోలీస్ స్టేషన్ల మీద పరిశోధన చేశారు. కొన్ని స్టేషన్లలో ట్రైనింగ్, కొన్నింట్లో బదిలీలు ఆపడం, కొన్నింట్లో వారానికో సెలవు. మన బ్రాంచి భాషలో ఏ/బీ టెస్టింగ్ అన్నమాట. కేసు రాసుకుంటున్నారా లేదా చూడ్డానికి ఉత్తుత్తి ఫిర్యాదులతో మనుషుల్ని కూడా పంపారు! ట్రైనింగ్ ఫలితం ఇచ్చింది, బదిలీలు ఆపడం కూడా కొంత. సెలవు లాంటివి పెద్దగా పనిచేయలేదు, ఎందుకంటే స్టేషన్ స్థాయిలో అవి సరిగ్గా అమలే కాలేదు. ఈ చివరి సంగతే నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. ఆర్డర్ కాగితం మీద ఉన్నదానికీ స్టేషన్లో జరిగేదానికీ తేడా లోపలివాళ్లకి తెలిసినంతగా బయటి ప్రొఫెసర్‌కి తెలీదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మదనపల్లె నుంచి తిరుపతి బస్సెక్కితే పీలేరు దాటాక భాకరాపేట ఘాట్ వస్తుంది. అదంతా ఎర్రచందనం అడవి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. ఎన్‌కౌంటర్ తప్పా ఒప్పా అని అప్పట్లో అందరూ కొట్టుకున్నారు, అది కోర్టులు చూసుకోవాల్సిన విషయం. నేనడిగేది వేరే. ప్రాణం పోతుందని తెలిసీ అంత దూరం నుంచి మనిషి ఎందుకొస్తాడు? అప్పు తీర్చడానికా, మేస్త్రీ మాట నమ్మా? ఒకసారి జైలుకెళ్లొచ్చినవాడు మళ్లీ వస్తున్నాడా? వాళ్లని పట్టుకుని, వాళ్ల స్టేట్‌మెంట్ రాసుకున్న ఎస్సైకి ఇందులో సగం జవాబులు తెలిసే ఉంటాయి. అవి కేసు డైరీలో మొదలై ఛార్జిషీటుతో ఆగిపోతాయి.

"బందోబస్తులకే టైం చాలదు, రీసెర్చ్ ఎక్కడ్రా?" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. అందుకే జీతంతో రెండేళ్లు చదువు సెలవివ్వాలి, అదీ ఐపీఎస్‌లకే కాదు, ఎస్సైలకి కూడా. ఇంకో భయం ఉంది, సొంత డిపార్ట్‌మెంట్ మీద రాసేవాడు చేదు నిజాలు దాచేయొచ్చు. అందుకని పక్కన బయటివాళ్లు ఉండి తీరాలి.

ఆ బయటివాళ్లు మనమే ఎందుకు కాకూడదు? 2016లో సుప్రీంకోర్టు చెప్పాక, సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలి. వాటిని టేబుల్‌గా మార్చి గ్రాఫ్ గీయడం సెకండ్ ఇయర్ కుర్రాడు కూడా చేస్తాడు. కానీ ఫలానా గ్రామంలో దొంగతనాలు నిజంగా తగ్గాయా, లేక రాసుకోవడం తగ్గిందా అన్నది గ్రాఫ్ చెప్పదు. అది చెప్పడానికి ఆ స్టేషన్లో నైట్ డ్యూటీ చేసిన మనిషి మన ల్యాబ్‌లో వచ్చి కూర్చోవాలి.