నోరులేని సాక్షులు

బి.ఎస్సీ. చదివే కుర్రవాణ్ణి పల్లెటూళ్ళో అడిగే ప్రశ్న ఒక్కటే: "చదువైపోయాక ఏం చేస్తావురా?" నాలుగెకరాల పత్తి రైతు మా నాన్న. ఆయనా అదే అడుగుతాడు. జవాబులు కూడా అందరికీ కంఠతా వచ్చినవే. బి.ఇడి. చేసి టీచరు కావడం, బ్యాంకు పరీక్షలు, గ్రూపు పరీక్షలు, ఏదీ కుదరకపోతే హైదరాబాదు వెళ్ళి కంప్యూటరు కోర్సు. ఈ జాబితాలో పోలీసు శాఖ పేరు వస్తే కానిస్టేబులో, ఎస్సైయో అనుకుంటాం. ఆ శాఖకే చెందిన ప్రయోగశాల ఒకటున్నదనీ, అందులో లాఠీతో గాని, పరుగుపందెంతో గాని పనిలేని ఉద్యోగాలున్నాయనీ మనలో ఎంతమందికి తెలుసు?

ఫోరెన్సిక్ లాబ్ అనగానే మనకు సినిమా గుర్తుకొస్తుంది. నల్లకళ్ళద్దాల ఆఫీసరు ఒక్క వెంట్రుక పట్టుకుని హంతకుణ్ణి ఇట్టే చూపిస్తాడు! అసలు పనిలో అంత హంగు లేదు. మన ప్రాక్టికల్ పరీక్షలో ఉన్నంత ఓపిక, రికార్డు రాయడంలో ఉండాల్సినంత శుభ్రత, ఇవే అక్కడి పెట్టుబడి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏ.సి.బి. వారు లంచగొండిని పట్టుకున్నారని తరచు పేపర్లో చదువుతాం. ఆ నోట్లకు ముందుగా పూసేది ఫినాఫ్తలీన్ పొడి. డబ్బు పుచ్చుకున్న చేతిని సోడియం కార్బనేటు ద్రావణంలో ముంచితే నీరు గులాబీరంగుకు తిరుగుతుంది. ఫస్టియర్ టైట్రేషన్‌లో బ్యూరెట్ కింద మనం చూసిన రంగే అది! ఆ నీటిని సీసాకెత్తి, సీలువేసి లాబ్‌కు పంపుతారు. అలాగే నీటిలో దొరికిన శవం ఎముకమజ్జలో డయాటములున్నాయా అని చూడడానికి వృక్షశాస్త్రం కావాలి. రోడ్డుమీద పడిన గాజుముక్క గుద్ది పారిపోయిన బండిదేనా అని పోల్చడానికి వక్రీభవన గుణకం కావాలి. "ఈ చదువు ఎందుకు పనికొస్తుంది?" అని విసుక్కునే మిత్రులకు ఇంతకంటె జవాబేముంటుంది?

ఇది నిన్నగాక మొన్న పుట్టిన శాస్త్రమూ కాదు. విషాలను గుర్తించే రసాయన పరీక్షకుని ప్రయోగశాల 1849లోనే మద్రాసులో వెలిసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ఇక డి.ఎన్.ఏ. మాటకొస్తే, 1988లో మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనే డాక్టర్ లాల్జీ సింగ్ దేశీయమైన డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. ఆయన ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో ఒక పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టినవారు. ఈ సంగతి నాలాంటివాడికి ఎంత ధైర్యమిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే నన్ను ఈ వ్యాసం రాయించినది చరిత్ర కాదు. పురుగుమందు డబ్బా లేని ఇల్లు మా ఊళ్ళో లేదు. ఆ మందే ఏటా ఎన్నో ప్రాణాలు తీసుకుంటోంది. అలాంటి చావు జరిగితే పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు కాలేయం, మూత్రపిండం, జీర్ణాశయం భాగాలను చిక్కని ఉప్పునీటిలో భద్రపరచి పంపుతాడు. వాటినే విసెరా అంటారు. లాబ్ రిపోర్టు వచ్చేవరకు తన తుది అభిప్రాయం ఆపి ఉంచుతాడు. రైతు ఆత్మహత్య కింద ప్రభుత్వ సాయం అడిగే కుటుంబం చూపాల్సిన కాగితాలలో ఎఫ్.ఐ.ఆర్., పంచనామాలతోపాటు ఈ లాబ్ రిపోర్టూ ఉంటుంది.

మా ఊళ్ళో నాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఆ కాగితం కోసం ఏడాది పైగా తిరిగింది. ఎమ్మార్వో ఆఫీసులో అడిగితే స్టేషనుకు పొమ్మన్నారు, స్టేషనులో అడిగితే రిపోర్టు రాలేదన్నారు. "రిపోర్టంటే ఏందబ్బాయా, అది యాడుంటది?" అని ఓనాడు నన్నడిగింది. నేను కెమిస్ట్రీ విద్యార్థిని గనుక చెప్పగలిగాను. సీసాలోని దానినుంచి విషాన్ని వేరుచేస్తారనీ, థిన్ లేయర్ క్రొమటోగ్రఫీతో జాడ పట్టి, పెద్ద యంత్రాలతో రూఢి చేసుకుంటారనీ చెప్పాను. "అయితే ఆ పని చేసే మడుసులు లేరా?" అన్నది. అసలు ప్రశ్న అదే!

మనుషులు కావాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, 7 సంవత్సరాలు, ఆపైన శిక్షపడదగిన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు 5 సంవత్సరాల గడువిచ్చారు. చట్టం పుస్తకంలో రాస్తే చాలదు గదా! క్లూస్ టీములకు, ప్రాంతీయ లాబ్‌లకు చదువుకున్న చేతులు కావాలి. లాబ్ టెక్నీషియన్, సైంటిఫిక్ అసిస్టెంట్, సైంటిఫిక్ ఆఫీసర్, ఆపైన అసిస్టెంట్ డైరెక్టర్ - ఇవీ మెట్లు. పోస్టునుబట్టి అర్హత మారుతుంది, పై మెట్లకు ఎం.ఎస్సీ. కావాలి. ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. గాంధీనగర్‌లో 2020 చట్టంతో ఏర్పడిన జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఉంది. అయినా కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ గట్టిగా చదివినవాడికే ఈ విద్య అబ్బుతుందని నా నమ్మకం.

"శవాలతో పనేమిటి, కోర్టు బోనెక్కడమేమిటి, ఆడపిల్లలకు అసలే పనికిరాదు" అనేవారున్నారు. మన జువాలజీ లాబ్‌లో చేయి వణకకుండా డిసెక్షన్ చేసిన అమ్మాయిలను వారు చూడలేదు కాబోలు! కోర్టు పిలిస్తే భయమెందుకు? చూసినదే రాసినవాడికి ఏ ప్లీడరు అడిగినా జవాబుంటుంది.

ఒక్క విషయం మాత్రం నిర్మొహమాటంగా చెప్పాలి. లాబ్ పోలీసు శాఖ నీడలో ఉండడం నాకు నచ్చదు. నేరం రుజువు చేయడం ఎంత ముఖ్యమో, నిర్దోషిని విడిపించడమూ అంతే ముఖ్యం. ఫలితం ఎవరికి అనుకూలమైనా తూకంలో తేడా రాకూడదు. అందుకు లాబ్‌కు సొంత కాళ్ళుండాలి. అలాగే ఖాళీలను ఎప్పటికప్పుడు భర్తీచేయాలి, అదీ శాశ్వత ఉద్యోగాలుగా. ఏడాదికో కాంట్రాక్టు మీద బతికేవాడు పైవాడి ముఖం చూడకుండా రిపోర్టు రాయాలంటే ఎంత కష్టం!

మన అధ్యాపకులకు ఒక విన్నపం. ఫైనలియర్ వారిని ఏడాదికొకసారైనా అలాంటి లాబ్‌కు తీసుకువెళ్ళండి. ఇక మిత్రులారా, సీలువేసిన ప్రతి సీసా వెనుక ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ సీసాకు నోరులేదు. దాని తరఫున నిజం చెప్పే విద్య మన చేతిలో ఉంది. ఉద్యోగాల వేటలో పడేముందు ఆ దారికేసి కూడా ఒకసారి చూడండి.