విభక్తి మారిన లెక్క

విద్యాసంవత్సరారంభమున విశ్వవిద్యాలయపు రుసుము చెల్లించి రసీదు చేతబుచ్చుకొనిన విద్యార్థి, ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొనునే గాని, అందలి పంక్తులను ఒక్కొక్కటిగా చదువుట అరుదు. ప్రవేశము, పరీక్షలు, ప్రయోగశాల, క్రీడలు అను వరుసలో ఎక్కడనో నడుమ గ్రంథాలయ రుసుమని ఒక పంక్తి యుండును. మొత్తముతో పోల్చి చూచిన అది స్వల్పమే. కాని ప్రభుత్వపు గ్రాంటులు జీతములకును పింఛనులకును సరిపోవుటయే గగనమైన చోట, కొత్త పుస్తకములకు డబ్బెట్లు తేవలెనను ప్రశ్న పుట్టినప్పుడెల్ల పాలకుల దృష్టి ఆ పంక్తి మీదనే నిలుచుచున్నది. దానిని కొంచెము పెంచినచో గ్రంథాలయము గట్టెక్కును గదా యను మాట వినుటకు ఇంపుగానే యున్నది. అయినను దానిని అంగీకరించుటకు ముందు, తలకింత యను ఈ లెక్క మనకు ఎవ్వరు నేర్పిరో, నేర్పినప్పుడు దాని యర్థమేమో ఒక్కమారు స్మరించుకొనుట మేలు.

1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ప్రతి విశ్వవిద్యాలయమును తన వ్యయములో ఆరు శాతమునకు మించిన భాగమును గాని, చేరిన విద్యార్థి యొక్కనికి 40 రూపాయల వంతున గాని గ్రంథాలయమునకు కేటాయింపవలెనని సూచించినది. రాధాకృష్ణన్ 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా నుండి, ఇంకను బాల్యావస్థలో నున్న ఒక విద్యాసంస్థ కష్టసుఖములను కన్నులార చూచినవారగుటచే, ఆ మాట అనుభవము లేని నోట వెలువడినది గాదు. 1957లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము నియమించిన గ్రంథాలయోపసంఘమునకు అధ్యక్షులైన గ్రంథాలయ శాస్త్రజ్ఞులు రంగనాథన్ గారు విద్యార్థికి 15 రూపాయలు, అధ్యాపకునికిని పరిశోధకునికిని 200 రూపాయలు అనిరి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ విద్యార్థికి 25, అధ్యాపకునికి 300 అన్నది.

సంఖ్యలు వేరైనను ఈ వాక్యములన్నిటి వ్యాకరణ మొక్కటే. విద్యార్థి కొఱకు ఇంత వెచ్చింపవలెనని అవి చెప్పినవి. అనగా విద్యార్థి చతుర్థీ విభక్తిలో నుండెను, ఇచ్చెడి కర్త విశ్వవిద్యాలయము, దాని వెనుక ప్రభుత్వము. నేడు అదే లెక్క, విద్యార్థి వలన ఇంత రాబట్టవలెనని, పంచమిలోనికి జారుచున్నది. తలలు అవియే, కూడిక అదియే. విభక్తి యొక్కటి మారుటతో, రావలసినవాడు చెల్లింపవలసినవాడైనాడు.

ఇట్లనుట చేత చదువరి తన పుస్తకమునకు తాను కాసంతయు ఇయ్యరాదని మా అభిప్రాయము గాదు. తెలుగునాట గ్రంథాలయమనునది పుట్టినదే చదువరుల చేతి డబ్బుతో. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1914లో బెజవాడ సభతో ఊపందుకొన్న గ్రంథాలయోద్యమమును దాతల ఔదార్యముతో పాటు సామాన్యుల చందాలే నిలిపినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిన జయపురాధీశ్వరుడు విక్రమదేవవర్మ వంటివారు ఊరికొకరు దొరకరు గదా! అయితే చందాకును రుసుమునకును భేదము గలదు. చందా యిచ్చినవాడు సర్వసభ్య సమావేశమున లేచి నిలిచి, మా డబ్బేమైనదని కార్యదర్శిని అడుగగలడు, ఏ పుస్తకము తెప్పింపవలెనో చెప్పగలడు, నచ్చనినాడు మానుకొనగలడు. రుసుము చెల్లించిన విద్యార్థికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. అడుగుటకు వీలులేని చందాకు పన్నని పేరు.

పన్నుతో నడచు గ్రంథాలయముల కథయు మనకు తెలియనిది గాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. నేడది రూపాయికి 8 పైసలు. ఇంతకంటె న్యాయమైన ఏర్పాటును ఊహించుట కష్టము: చదివినవాడును చదువనివాడును, ఇల్లు గల ప్రతివాడును ఊరి పుస్తకమునకు తన పాలిచ్చుచున్నాడు. కాని ఆ పైసలు పురపాలక పంచాయతీ కార్యాలయముల పద్దులలోనే చిక్కుపడి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు బకాయిలుగా మిగులుట రెండు రాష్ట్రములలోను పాతబడిన ఫిర్యాదు. పుస్తకము పేర వసూలైన డబ్బు పుస్తకముగా మారుటకు చట్టమే చాలనప్పుడు, రసీదులోని ఒక పంక్తి చాలునా?

మరియొక సూక్ష్మము గలదు. గ్రంథాలయము వర్ధిల్లుచుండెడి జీవియని రంగనాథన్ గారు తమ గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో కడపటి దానిగా 1931లోనే చెప్పిరి. పట్టమునకు చదువు విద్యార్థి రెండు మూడేండ్లుండి వెడలిపోవును. అతనికి కావలసినది ఈ యేటి పాఠ్యగ్రంథము, అదియు ఒక ప్రతి గాదు, పది ప్రతులు. కాని ఒక శాసన సంపుటమును గాని, ఒక నిఘంటువును గాని, నూరు ప్రతులు మాత్రమే అమ్ముడుపోవు ఒక పరిశోధన గ్రంథమును గాని ఇప్పుడు కొనకున్నచో, ముప్పదియేండ్లకు వచ్చెడి పరిశోధకునికి అది వెల పెట్టినను దొరకదు. ఆ రాబోవు చదువరి నేడు రుసుము చెల్లింపజాలడు. అతని తరఫున చెల్లింపవలసినది విశ్వవిద్యాలయమే. కావున విద్యార్థి రుసుముతో విద్యార్థి వెంటనే చదువదగిన వానిని కొనుటయు, శాశ్వత సంపదను సంస్థ తన నిధితో సమకూర్చుటయు ధర్మము. రుసుము వచ్చుచున్నది గదాయని సంస్థ తన పాలు తగ్గించుకొనినచో, భవిష్యత్తును తాకట్టు పెట్టి వర్తమానమును గడుపుకొనుటయే యగును.

2025 జనవరి నుండి అమలులోనున్న ‘ఒకే దేశం ఒకే చందా’ పథకమున కేంద్ర ప్రభుత్వము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించుచున్నది. పుస్తకముల డబ్బును మ్రింగుచుండిన విదేశీ పత్రికల భారము ఇందువలన ఎంతో కొంత తగ్గును. తగ్గినదానిని ఖజానాలో కలుపుకొనక పుస్తకములకే మళ్లించుట వివేకము. అందును తెలుగు పుస్తకమునకు. ఏలయన దానిని ఇట్టి పథకమేదియు మన బల్ల మీదికి తెచ్చి పెట్టదు.

పుస్తకములు చదువువారెవ్వరని కొందరు పెదవి విరుతురు. కాని మన విశ్వవిద్యాలయ పఠనమందిరములలో ఉదయమే చోటు దొరకదు. అందలి పిల్లలు పోటీ పరీక్షల పుస్తకములను తమ సంచులలోనే తెచ్చుకొనుచున్నారు. ఇది చదువరులు లేరనుటకు నిదర్శనమా, వారడిగినది బీరువాలో లేదనుటకు నిదర్శనమా? ఆ సంచి మోయువారిలో బోధనా రుసుములు ప్రభుత్వము తిరిగి చెల్లించు పథకము మీద చదువువారు అనేకులు. ఆ చెల్లింపు ఆలస్యమైనప్పుడు పుస్తకాల కొనుగోలు ఆగుటయు, ఆ పిల్లవానినే బాకీదారుగా చూచుటయు రెండును అన్యాయములే. పేద విద్యార్థి పాలు విశ్వవిద్యాలయమే ముందుగా జమకట్టవలెను.

గ్రంథాలయ రుసుమును మేము కాదనము. అది వేరు ఖాతాలో నుండవలెను. ఎంపిక సంఘమున విద్యార్థులకు స్థానముండవలెను. సంస్థ యిచ్చెడి పాలు రుసుము పాలికి తగ్గరాదు. వీనికి తోడు వ్యయము లేని చిన్న పని యొకటి గలదు. దాత యిచ్చిన పుస్తకము అట్టలోపల అతని పేరుతో చీటి యతికించుట గ్రంథాలయములలో ఆచారము. రుసుముతో కొన్న ప్రతి పుస్తకమునకును అట్లే, ఏ విద్యాసంవత్సరపు విద్యార్థుల డబ్బుతో కొన్నదో తెలుపు చీటి యతికింపుడు. ఇరువదియేండ్లకు తన కుమార్తెను చేర్పించుటకు వచ్చిన తండ్రి బీరువా తెఱచి, తాను చదివిన యేటి చీటి గల పుస్తకములను చూచి సంతసించును. ఆ యేటి చీటి ఒక్కటియు కనబడనిచో, నాటి రసీదులోని ఆ పంక్తి యేమైనదని అడుగుటకు అతనికి అప్పటికైనను ఒక ఆధారము దొరకును.