చూచుటకు తెలుగు, చదువుటకు ఆంగ్లమా?

సినిమా చూచుటలో తెలుగువానికి సాటి లేడని మనము మురిసిపోవుచుందుము. 2023 మార్చిలో ఒక తెలుగు పాటకు ఆస్కారు బహుమానము వచ్చిన నాడు ఊరూరను పండుగ చేసికొంటిమి. మంచిదే. కాని యా పండుగ ముగిసిన మరునాడు ఒక పల్లెటూరి విద్యార్థి యీ కళను క్రమముగ నేర్వదలచి, తన భాషలో, తన యూరనే యుండి, తన తండ్రి భరింపగల రుసుముతో చదువుకొందునని బయలుదేరినచో, వాని కొక డిగ్రీ నీయగల కళాశాలను మనము చూపగలమా? చప్పట్లు కొట్టిన చేతులలో ఒక్కటియైన ఆ బాలునకు దారి చూపునా?

మా కోరిక సూటియైనది. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును తమ విశ్వవిద్యాలయముల ద్వారా చలనచిత్రాధ్యయనమును సమగ్రమైన డిగ్రీ చదువుగ, తెలుగు మాధ్యమమున, ఆన్‌లైను పద్ధతిని ప్రారంభింపవలయును. ఇది విలాసము గాదు. నూరేండ్లు తీర్పక నిలువ యుంచిన ఋణము.

ఋణమని యేల యంటిమో వినుడు. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య 1921లో మద్రాసున చిత్రనిర్మాణ సంస్థను నెలకొల్పి 'భీష్మప్రతిజ్ఞ'ను తీయించెను. దానికి దర్శకుడైన ఆయన కుమారుడు ప్రకాశ్ ఆ విద్యకొరకు లండను వెళ్లవలసి వచ్చెను. నాటి విద్యార్థి సముద్రము దాటెను. నేటి విద్యార్థి తన భాషనే దాటవలసి యున్నది. నూరేండ్లలో మనము సాధించిన యభివృద్ధి యిదియేనా?

చదువు అసలే లేదని మే మనుట లేదు. పూనాలో 1960 నుండి ప్రభుత్వ చలనచిత్ర శిక్షణాలయము కలదు. కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేర మరియొకటి 1995 నుండి కలదు. అందలి సీట్లు స్వల్పము. హైదరాబాదుననే ఒక కేంద్ర విశ్వవిద్యాలయమున చలనచిత్రాధ్యయన శాఖ కలదు. ఆ విశ్వవిద్యాలయము పేరు 'ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము'. అక్కడి బోధనాభాష ఏదియో వేరుగ చెప్పవలెనా? కేంద్రప్రభుత్వము 2017లో తెరచిన 'స్వయం' వేదికపై చిత్రరసాస్వాదన పాఠములు ఉచితముగనే దొరకును, అవియు నాంగ్లముననే. ఇక ప్రైవేటు సంస్థల సంగతి: లక్షలు చెల్లింపగలవానికే అక్కడ ద్వారము తెరచుకొనును. భాష యొక గోడ, రుసుము రెండవ గోడ, దూరము మూడవ గోడ. ఈ మూడు గోడల నడుమ చిక్కినవాడు టిక్కెట్టు కొని యీ పరిశ్రమను పోషించు తెలుగు ప్రేక్షకుని కొడుకు!

'చలనచిత్ర శాస్త్రమును తెలుగున బోధించుట యెట్లు? పారిభాషిక పదము లేవి?' అని పెద్దలు కొందరు పెదవి విరుతురు. వారికి హైదరాబాదు చరిత్రయే సమాధానము. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును, ఇంజనీరింగును సైతము ఉర్దూ మాధ్యమమున బోధించెను. అనువాదశాఖ నేర్పరచి గ్రంథములను వ్రాయించుకొనెను. శస్త్రచికిత్సను దేశభాషలో బోధించిన పట్టణమున కెమెరా పనిని, కూర్పును బోధింపజాలమా? అదియును గాక, స్టూడియోలలో పనిచేయు లైటుబాయి మొదలు ఎడిటరు వరకు ఏ భాషలో మాటలాడుకొనుచున్నారు? షాటు, ట్రాలీ, రీలు, కటింగు అను మాట లెప్పుడో తెలుగుమాట లైపోయినవి. పనివారికి పదములు కొరత గాలేదు, ఆచార్యులకే కొరత!

'కళను కంప్యూటరు తెరపై నేర్పుట సాధ్యమా?' అనునది రెండవ యాక్షేపణ. ఇందు కొంత సత్యము కలదు. దానిని దాచుట మాకు సమ్మతము గాదు. కెమెరాను చేత బట్టక కెమెరాపని రాదు. కాని మేము కోరునది ముఖ్యముగ అధ్యయనము: చిత్రచరిత్ర, కథాసంవిధానము, దృశ్యభాష, విమర్శ. వీనికి తెరకంటె తగిన నల్లబల్ల యేది? 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెలను విద్యార్థి పదిసార్లు నిలిపి, వెనుకకు త్రిప్పి చూడగలడు. ఏ థియేటరులో నిది సాధ్యము? చేతిపనికి మాత్రము జిల్లా కళాశాలలలో సంవత్సరమునకు కొన్ని వారములు శిబిరములు నడుపవచ్చును. చట్టముకూడ అడ్డు గాదు. చిత్రముపై హక్కు విడుదలైన సంవత్సరాంతము నుండి 60 ఏండ్లు. ఆ లెక్కను 'మాయాబజార్' చిత్రహక్కు 2017తో ముగిసినది. పాటల, రచనల హక్కులు వేరు. వానికి తగిన యనుమతులు పొందుట ప్రభుత్వమునకు దుర్లభమా?

'సినిమా చదివినవానికి అన్న మెవరు పెట్టుదురు?' అనునది మూడవ ప్రశ్న. చరిత్ర చదివినవానిని, కావ్యము చదివినవానిని ఈ ప్రశ్న యడిగి ఆ శాఖలను మూసివేసితిమా? సినిమా మనకు వట్టి వినోదముగ మిగిలియుండలేదు. 1982 మార్చిలో ఒక నటుడు పార్టీని స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి యయ్యెను. తెరపై పుట్టిన విశ్వాసము తొమ్మిది నెలలలో రాజ్యమును మార్చిన దేశమిది. ఇది మేలో కీడో చెప్పుట నేటి మా పని గాదు. తన్నింతగా నడిపించు శక్తిని చదువజాలని ప్రజ దానికి బానిస యగును. చదువనేర్చిన ప్రజ దానికి యజమాని యగును. మే మనున దింతయే.

చదువు లేనందున పోయినదానిని గూడ తలచుకొనుడు. 'భీష్మప్రతిజ్ఞ' ప్రతి నేడు లేదు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్తప్రహ్లాద' ప్రతియు లేదు. నాటి నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లవలె మండును. మండనిదానిని వెండికొరకు కరగించిరి. పూనాలో జాతీయ చిత్రభాండాగారము 1964లోగాని యేర్పడలేదు. అస్పృశ్యతపై దండెత్తిన 'మాలపిల్ల' (1938), జమీందారుల యాగ్రహమునకు గురియైన 'రైతుబిడ్డ' (1939) గూడవల్లి రామబ్రహ్మము మన కిచ్చిన సొత్తు. 'మాలపిల్ల'కు కథ వ్రాసినవాడు చలము. చలము నవలను తరగతిలో చదువుదుము; చలము కథను చూపిన చిత్రమును మాత్రము చదువుగ నెంచము! ఏ వస్తువును పాఠశాల గౌరవింపదో దానిని అటకపై చెదలు గౌరవించును.

అయినను ఒక హెచ్చరిక. ఆన్‌లైను పేరున యోగ్యతాపత్రముల నమ్ము దుకాణము తెరచుట మాకు వలదు. రికార్డు చేసిన నాలుగు ఉపన్యాసములను వదలి, రుసుము పుచ్చుకొని, చేతులు దులుపుకొను పద్ధతి విద్యాదానము గాదు, విద్యావంచన. ప్రతి విద్యార్థియు చిత్రములను ఆసాంతము చూడవలయును. వ్రాసినదానిని దిద్దు గురువు ఉండవలయును. ఇంటర్నెట్టు అందని విద్యార్థులకు సమీప కళాశాలలో తెరయు, గదియు నీయవలయును. రుసుము కూలివాని బిడ్డ చెల్లింపగలిగి యుండవలయును. పాఠములు కోస్తా, రాయలసీమ, తెలంగాణముల జీవితమును సమముగ చూపవలయును.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 1935లో కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకములు నింపి, ఒడ్డుననున్న పల్లెల ముంగిటికి గ్రంథాలయమును నడిపించిన జాతి మనది. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును 1982లో హైదరాబాదున స్థాపించి, కళాశాల గడప త్రొక్కజాలనివారికి చదువు నందించిన జాతి మనది. ఆ పడవ తెడ్డుతో నడచెను. ఈ పడవ తంతితో నడచును. భేద మంతియే.

కావున విద్యామంత్రులారా, ఉపాధ్యక్షులారా! సంఘములు వేసి నివేదికలు వ్రాయించుట చాలించి, పాఠక్రమమును వ్రాయింపుడు. చిత్రనిర్మాతలారా! విగ్రహముల కిచ్చు ధనములో కొంత మీ పాతచిత్రముల రక్షణకును, ఈ విద్యార్థుల వేతనములకును మళ్లింపుడు. పాఠకులారా! మీ శాసనసభ్యుడు ఓటునకు వచ్చినపుడు, తన కిష్టమైన నటు డెవరో యడుగుట మాని, తెలుగున చిత్రవిద్య యెప్పుడు వచ్చునో యడుగుడు. అడుగనివానికి ఏ ప్రభుత్వమును ఏమియు నిచ్చి యెరుగదు.