వ్యర్థానికి విలువ... బోర్డు గదిలోనే అసలు పరీక్ష

ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరకు విక్రయించే సంస్థ, వాడి పారేసిన ఆ ప్లాస్టిక్ సేకరణకూ పునర్వినియోగానికీ పూచీ వహించాలి. ‘ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత’గా పిలిచే ఈ సూత్రాన్ని ప్లాస్టిక్ ప్యాకేజింగ్, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ పరికరాలకు వర్తింపజేస్తూ కేంద్రం 2022లో నిబంధనలను కట్టుదిట్టం చేసింది. గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26లో 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం రీసైకిల్ చేసిన ముడిసరకు ఉండాలన్నది వాటిలో ఒక లక్ష్యం. దానిని అందుకోవాలంటే ప్యాకింగ్ రూపకల్పన, యంత్రాలు, సరఫరా ఒప్పందాలు అన్నీ మారాలి. అవి పర్యావరణ విభాగం ఒంటరిగా తీసుకోగల నిర్ణయాలు కావు. పెట్టుబడికి ఆమోదం తెలపాల్సింది డైరెక్టర్ల బోర్డే.

మరి ఆ బోర్డుల్లో ఉంటున్నదెవరు? 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ సంస్థల బోర్డుల్లో కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు, ఒక మహిళా డైరెక్టర్ తప్పనిసరి. మార్కెట్ విలువలో తొలి 1000 స్థానాల్లోని సంస్థలకు స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలన్న సెబీ నిబంధన 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇవి అవసరమైన సంస్కరణలే. అయితే స్వాతంత్ర్యం వేరు, విషయ పరిజ్ఞానం వేరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ బోర్డులో పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నా, 2009లో యజమాని స్వయంగా ఒప్పుకొనే దాకా లెక్కల మోసం వెలుగు చూడలేదు.

తమ బోర్డుకు ఏయే నైపుణ్యాలు అవసరమో, అవి ఏ డైరెక్టర్లకు ఉన్నాయో వార్షిక నివేదికలో చూపాలని సెబీ నిర్దేశించింది. కానీ ఆ జాబితాను ఖరారు చేసేది ఆయా బోర్డులే. ఆర్థికం, న్యాయం, మార్కెటింగ్ వంటివి ఉంటే చాలు. ముడిసరకు, వ్యర్థాల నిర్వహణ లేకున్నా ఉల్లంఘన కాదు. మరోవైపు తొలి 1000 సంస్థలు 2022-23 నుంచి వ్యర్థాల వివరాలతో సహా సుస్థిరత నివేదికను తప్పనిసరిగా సమర్పిస్తున్నాయి. నివేదిక బోర్డు ముందుకు వస్తోంది; దానిని ప్రశ్నించగల పరిజ్ఞానం అక్కడ ఉండాలన్న నియమం మాత్రం లేదు.

ఈ లోటు ఖరీదైనదే. రీసైక్లర్ల నుంచి ధ్రువపత్రాలు కొని లక్ష్యం చేరినట్లు చూపే వెసులుబాటు సంస్థలకు ఉంది. కొన్ని రీసైక్లింగ్ సంస్థలు సుమారు 6 లక్షల నకిలీ ధ్రువపత్రాలు సృష్టించినట్లు 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో బయటపడింది. కాగితంపై లక్ష్యం పూర్తయింది, చెత్త మాత్రం కుప్పల్లోనే మిగిలింది. దేశంలో వ్యర్థాల సేకరణ భారం ప్రధానంగా మోస్తున్నది చెత్త ఏరుకునేవారు, చిన్నచిన్న పాత సామాన్ల వ్యాపారులు. నకిలీ పత్రం చలామణి అయినప్పుడు వారి శ్రమకు దక్కాల్సిన ధర దక్కకుండా పోతుంది.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. విస్తృత బాధ్యత వర్తించే సంస్థల నైపుణ్య జాబితాలో వ్యర్థాల నిర్వహణను తప్పనిసరి చేస్తే సరిపోతుంది. ధ్రువపత్రాల కొనుగోలును ఆడిట్ కమిటీ పరిశీలన కిందకు తేవడం రెండో మెట్టు. ‘ఈ పత్రం వెనుక సరకు ఉందా?’ అని అడిగే డైరెక్టర్ ఒక్కరైనా లేనంత కాలం వర్తుల ఆర్థిక వ్యవస్థ నివేదికల్లోనే తిరుగుతూ ఉంటుంది.